కాలనీ పక్కన ఉన్న కుంటను వాన నీటికీ, శుద్ధి చేసిన నీటికీ సిద్ధం చేయడం ఎలా?

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. కింద ఉన్నది నీరు అంతగా ఇంకని గ్రానైటు రాయి కాబట్టి పూర్వీకులు ఒక చెరువు మత్తడి (నిండాక అదనపు నీరు పొర్లిపోయే అలుగు) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా కట్టారు. ఆ గొలుసులో మిగిలిన కుంట మీ దగ్గర ఉంటే, కట్టమీద నడకదారి, దీపాల సంగతి తరువాత చూడవచ్చు. నీరు వచ్చే దారి, పోయే దారి ముందు సరిచేయాలి.

ముందుగా ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే కుంట పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు, తెలుసుకుని, మున్సిపల్ కార్పొరేషన్, నీటిపారుదల శాఖల అనుమతి తీసుకోండి. తరువాత గట్టి వాన పడుతున్నప్పుడు నాలా వెంబడి నడిచి, నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ఎకరం కాంక్రీటు నేలమీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 2 లక్షల లీటర్లు పడతాయి. అందులో చాలావరకు నాలాలోకే వస్తుంది.

వాన లేని రోజున కూడా నాలా పారుతుంటే అది మురుగే. ఆ పైపులను మురుగు లైనులోకి మళ్లించనిదే పూడిక తీసినా ప్రయోజనం లేదు, ఏడాది తిరిగేసరికి గుర్రపుడెక్క మళ్లీ కమ్ముకుంటుంది. నీరు లోపలికి వచ్చేచోట చెత్తను ఆపే ఇనుప జాలీ, దాని వెనుక ఇసుక, మట్టి పేరుకునే చిన్న గుంట కట్టించండి. పూడికను ఏప్రిల్, మే నెలల్లో తీయించండి. మురుగు కలిసిన పూడికను పరీక్ష చేయించకుండా పొలాలకు ఇవ్వకూడదు.

ఎస్‌టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) శుద్ధి చేసిన నీటిని నేరుగా వదలకుండా, కంకర పరిచి జమ్ము, తుంగ నాటిన మడుల గుండా మెల్లగా పారించాలి. నీటిలో మిగిలిన నత్రజని, భాస్వరాలను ఆ మొక్కలు కొంతవరకు పీల్చుకుంటాయి. ఈ నీరు తోటలకు పనికివస్తుంది, తాగడానికి పనికిరాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది: శుద్ధి చేసిన నీరు కుంటను ఏడాదంతా నిండుగా ఉంచితే వానకు చోటు మిగలదు. అందుకే మే చివరికల్లా తూము తెరిచి మట్టం తగ్గించండి, భారీ వర్షాల హెచ్చరిక వచ్చినప్పుడు, దిగువ నాలా ఖాళీగా ఉండగానే, మరికొంత వదలండి. మత్తడిని ఎత్తు పెంచడం, దాని ముందు గోడ కట్టడం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు. 1908 మూసీ వరదలో ఎగువ చెరువులు తెగి ముప్పు పెరిగింది. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి.

చివరగా, కుంటకు దగ్గరలోని రెండు మూడు బోర్లలో నీటి మట్టాన్ని మే నెలలోనూ, నవంబరులోనూ కొలిచి రాసిపెట్టుకోండి. మూడు నాలుగేళ్ల లెక్కలు చేతిలో ఉంటే, వచ్చే పూడికతీత ఎప్పుడు, ఎంత లోతు అన్నది వాటినిబట్టి నిర్ణయించవచ్చు.