విదేశంలో దోస్తు ఇంట్లో మొదటి రోజు ఎలా గడపాలి?

వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌ల నుంచి అమెరికా చూడడానికి వెళ్లేవాళ్లలో చాలామంది దిగేది హోటల్లో కాదు, దోస్తు ఇంట్లో. మొదటి రోజే ఊరంతా తిరగాలని పెట్టుకోవద్దు. ఆ రోజు మీకు రెండే పనులు: ఆ ఇంటి పద్ధతులు తెలుసుకోవడం, అక్కడ రాత్రయ్యేదాకా మేలుకొని ఉండడం. ఇక్కడ డాలస్‌ను ఉదాహరణగా తీసుకున్నాం.

1. సామాను సర్దేటప్పుడే మొదటి రోజు గురించి ఆలోచించండి

మామిడికాయ తొక్కు, పల్లిపొడి, సకినాలు అమెరికాకు తీసుకుపోవచ్చు. మాంసంతో చేసిన పచ్చళ్లు కుదరవు, అది చికెన్ అయినా మటన్ అయినా. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అది నిమ్మ కుటుంబానికి చెందిన చెట్టు, దాని మీద బతికే పురుగు అక్కడి నారింజ తోటలకు తెగులు మోస్తుంది.

మీ దోస్తు భార్యకు తల్లిగారింటి నుంచి ఒడిబియ్యం పంపిస్తారేమో, ముందే అడిగి ఆపండి. మన దేశపు బియ్యాన్ని, నిల్వ ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు భయంతో అమెరికాలోకి రానివ్వరు. కుడుకలైతే (ఎండు కొబ్బరి చిప్పలు) శంషాబాద్‌లోనే ఆపేస్తారు. వాటిలో నూనె ఎక్కువ, నిప్పు త్వరగా అంటుకుంటుంది కాబట్టి 2022 నుంచి చెక్-ఇన్ సామానులో నిషేధించారు. పెద్దవాళ్లు ప్రేమగా పెట్టినవి చెత్తబుట్టలో పడడం చూడలేం, ఇంట్లోనే తీసేయడం మేలు.

తొక్కు డబ్బా కారడానికి కారణం మూత వదులవడం ఒక్కటే కాదు. పైకి వెళ్లాక విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, డబ్బాలో ఉన్న గాలి వ్యాకోచించి నూనెను బయటికి తోస్తుంది. మూత కింద ప్లాస్టిక్ పొర పరిచి, డబ్బాను రెండు జిప్ కవర్లలో పెట్టి, బట్టల మధ్య నిలువుగా ఉంచండి. సకినాలను గట్టి డబ్బాలో పేర్చి, సందుల్లో కాగితం కుక్కితే విరగవు.

చేతిసంచిలో ఇవి పెట్టుకోండి: చీటీతో సహా మందులు, ఒక జత బట్టలు, పవర్ బ్యాంక్ (చెక్-ఇన్‌లో వేయనివ్వరు), దోస్తు పూర్తి చిరునామా, ఫోన్ నంబరు. చివరి రెండూ కాగితం మీద రాసి ఉండాలి. ఫోన్ చార్జింగ్ అయిపోయేది సరిగ్గా వాటి అవసరం పడినప్పుడే.

శంషాబాద్‌కు వరంగల్ నుంచి మూడు గంటలకు పైనే పడుతుంది. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది. విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి.

2. దిగాక

ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చారు, ఎవరింట్లో ఉంటారు, ఎన్ని రోజులు అని అడుగుతారు. అడిగినంతకే జవాబు చెప్పండి. దోస్తు పిల్లలను చూసుకోవడానికో, వాళ్ల దుకాణంలో సాయానికో వచ్చామని మాటవరసకు కూడా అనవద్దు, పర్యాటక వీసాతో అది పని కింద లెక్కకొస్తుంది. తిండి పదార్థాలున్నాయా అంటే ఉన్నాయనే చెప్పండి. చెబితే కుదరనివి తీసి పక్కన పెడతారు, దాస్తే జరిమానా వేస్తారు.

సంచులన్నీ చేతికొచ్చాకే దోస్తుకు ఫోన్ చేయండి. ద్వారం ముందు కారు ఎక్కువసేపు నిలపనివ్వరు.

3. ఇంటికి చేరిన మొదటి గంట

మొహమాటపడే వేళ కాదిది. "అన్నా, ఇల్లు ఒకసారి తిప్పి చూపించు" అని మీరే అడగండి.

అన్నిటికంటే ముందు బాత్రూం. మన ఇండ్లల్లోలాగ అక్కడ నేలకు నీళ్లు పోయే తూము ఉండదు. ఇల్లు ఎక్కువగా కర్రతో కట్టింది, కాబట్టి నేల మీద నీళ్లు పోస్తే కింది అంతస్తు పైకప్పు నానుతుంది. స్నానం టబ్బులోనే చేయాలి, కర్టెన్ అంచు టబ్బు లోపలికి ఉండాలి. నల్లా వేడి వైపు ఒకేసారి తిప్పితే చర్మం కాలుతుంది, చల్లటి వైపు నుంచి మెల్లగా తిప్పండి. టాయిలెట్‌లో చెంబు ఉండకపోవచ్చు, చిన్న ప్లాస్టిక్ మగ్గు వెంట తెచ్చుకుంటే హాయి.

తర్వాత తలుపులు. చాలా ఇండ్లల్లో రాత్రి అలారం పెట్టి పడుకుంటారు. నిద్ర పట్టక మీరు పెరటి తలుపు తీస్తే ఇల్లంతా లేస్తుంది, ఒక్కోసారి పోలీసులకూ కబురు వెళ్తుంది. అలారం ఎలా ఆపాలో, ఏ తలుపు తీయకూడదో అడిగి పెట్టుకోండి. వైఫై పాస్‌వర్డ్ అడగడం ఎవరూ మరచిపోరు, అది సరే.

కరెంటు అక్కడ 120 వోల్టులు, మనది 230. ఫోన్ చార్జర్ మీద 100–240 అని ఉంటే ప్లగ్ మార్చే అడాప్టర్ చాలు. ఇక్కడి మిక్సీ అక్కడ సరిగా తిరగదు, తీసుకుపోవద్దు.

4. వంటగదిలో

పోపు పెట్టే ముందు పొయ్యి మీది ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి పొగకు స్మోక్ అలారం మోగుతుంది. డిష్‌వాషర్‌లో గిన్నెలు తోమే మామూలు సబ్బు వేస్తే నురగ నేల మీదికి పొంగుతుంది, దాని సబ్బు వేరు. సింకు తూములో తిండి ముక్కలను నలిపే యంత్రం ఉంటే చెయ్యి పెట్టవద్దు, పీచు తొక్కలు, అన్నం అందులో వేయవద్దు. తొక్కు నూనె కార్పెట్ మీద పడితే పోదు, బల్ల దగ్గరే తినండి.

5. నిద్ర

డాలస్ సమయం మనకంటే వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మధ్యాహ్నం దిగితే కళ్లు మూతలు పడతాయి. పడుకోవాల్సి వస్తే అరగంటకు అలారం పెట్టుకోండి, అంతకు మించితే రాత్రి నిద్ర పోయినట్టే. సాయంత్రం ఎండ ఉండగా ఇంటి చుట్టూ నడిచి రండి. ఒంటి గడియారం సర్దుకునేది వెలుతురుతోనే. కూర కొంచెమే తిని రాత్రి తొమ్మిది దాకా లేచి ఉండండి. బీపీ, షుగర్ మందుల వేళలు ఎలా మార్చాలో బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగాలి.

ఎంత చేసినా మొదటి రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఆకలి కూడా వేస్తుంది. పక్కన నీళ్లు, నాలుగు సకినాలు పెట్టుకొని పడుకోండి. వేసవిలో అప్పుడు వరంగల్‌లో మధ్యాహ్నం ఒకటిన్నర, ఇంటికి ఫోన్ చేయడానికి మంచి వేళ. గొంతు మాత్రం తగ్గించండి. ఆ గోడలు పలచని బోర్డులు, పక్క గదిలో పడుకున్నవాళ్లకు పొద్దున డ్యూటీ ఉంటుంది.