పాత క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు

కోనసీమ తేమకి ఈ టేపులు ఇంకో వానాకాలం ఆగుతాయన్న నమ్మకం లేదు. తాతగారి హరికథో, పెళ్లి సన్నాయో ఉంటే తొలకరిలోపే కాపీ చేసుకోండి.

– క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులూ విరిచెయ్యండి. అవి ఉండగా పొరపాటున రికార్డు మీట నొక్కితే ఆ గొంతు చెరిగిపోతుంది, మళ్లీ రాదు.

– చుట్ట అంచున తెల్లటి బూజు కనిపిస్తే ఆ టేపు వెయ్యకండి. ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్డుకి అంటుకుని తర్వాతి టేపులకీ పాకుతుంది.

– కంప్యూటర్‌కి వెళ్లే వైరు యాంప్లిఫైయర్ వెనక 'టేప్ అవుట్' నుంచే తియ్యండి, స్పీకర్ టెర్మినల్స్ నుంచి వద్దు. ఆ వోల్టేజీకి కంప్యూటర్‌లో శబ్దం తీసుకునే సౌండ్ కార్డు కాలిపోవచ్చు. పైగా టేప్ అవుట్‌కి వాల్యూమ్, బాస్ నాబులతో మామూలుగా సంబంధం ఉండదు. రాత్రిపూట స్పీకర్లు తగ్గించుకున్నా రికార్డింగ్ నిండుగానే వస్తుంది.

– యాంప్లిఫైయర్ మీది ఫోనో సాకెట్ రికార్డు ప్లేయర్‌కే. అందులో క్యాసెట్ ప్లేయర్ (డెక్) వైరు పెడితే శబ్దం పగిలిపోతుంది.

– కంప్యూటర్‌లో రికార్డింగ్ లెవెల్ మైనస్ 6 డెసిబెల్స్ దాటనివ్వకండి. ఒకసారి పగిలిన స్వరం తర్వాత బాగుపడదు.