లారీల లెక్కతో ఉక్కు వంతెన ఆయుష్షును అంచనా వేయడం ఎలా?

ఉక్కు వంతెన ఇంకెన్నాళ్లు మన్నుతుందో తేల్చాలంటే, రోజూ ఎన్ని వాహనాలు వెళ్తున్నాయని కాక, ఎన్ని లారీలు ఎంతెంత లోడుతో వెళ్తున్నాయని అడగాలి. లారీ ఎక్కినప్పుడు దూలంలో ఒత్తిడి పెరుగుతుంది, దిగగానే తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు లక్షలసార్లు జరిగితే, ఏ ఒక్క లారీకీ లొంగని ఉక్కులో కూడా వెల్డింగు అంచున సన్నని పగులు పుడుతుంది. ఇంజనీర్లు దీన్ని ఫెటీగ్ అంటారు. నష్టం సుమారుగా ఆ హెచ్చుతగ్గు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 30 టన్నుల లారీ చేసే నష్టం 1.5 టన్నుల కారు చేసేదానికి దాదాపు 8000 రెట్లు. కార్లను లెక్కలోంచి తీసేయవచ్చు.

ముందుగా కనీసం వారం రోజులు, రాత్రులతో సహా, లారీలను ఇరుసుల వారీగా లెక్కించి, కొన్నింటిని కాటా మీద తూయించాలి. బిల్లులోని బరువును నేనైతే నమ్మను. చట్టబద్ధమైన బరువూ మారుతుంది: నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని కేంద్రం 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. పెరిగిన బరువు 13 శాతమే అయినా, ఘనం లెక్కన నష్టం 43 శాతం పెరుగుతుంది.

తరువాత ఏ భాగాన్ని పరీక్షిస్తున్నామో నిర్ణయించుకోవాలి. పొడవైన ప్రధాన దూలానికి ఒక లారీ దాదాపు ఒక్క ఆవృత్తి, అంటే ఒత్తిడి ఒకసారి పెరిగి తగ్గడం. రోడ్డు పలక కింది పొట్టి దూలానికి మాత్రం ప్రతి ఇరుసూ లేదా ఇరుసుల జత విడిగా ఒక దెబ్బ. అందుకే తొలి పగుళ్లు తరచుగా ఆ పొట్టి దూలాల అతుకుల దగ్గరే కనిపిస్తాయి.

ఉదాహరణకు, ఒక వెల్డింగు అతుకు 80 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) హెచ్చుతగ్గును 20 లక్షల సార్లు తట్టుకుంటుందనుకుందాం. లారీ 60 కలిగిస్తే అది సుమారు 47 లక్షల సార్లకు సరిపోతుంది. రోజుకు 1000 లారీలైతే 13 ఏళ్లు. అవే లారీలు 20 శాతం అధిక లోడుతో వస్తే 72 అవుతుంది, ఆయుష్షు ఏడున్నర ఏళ్లకు పడిపోతుంది. వంతెన ఎక్కేచోట రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటే కుదుపు వల్ల ఇంకా తగ్గుతుంది కాబట్టి, ఆ గతుకును సరిచేయడమే అన్నిటికన్నా చవకైన మరమ్మతు.

తనిఖీలో పెయింటు మీద కారిన తుప్పు గీతలను వెతకాలి. అనుమానం ఉన్నచోట పెయింటు గీకి, పగుళ్లలోకి ఇంకే రంగు ద్రవంతో పరీక్షించాలి. పగులు దొరికితే దాని కొనలో రంధ్రం వేయడం తాత్కాలికంగా ఆపే పద్ధతి. రంధ్రం వేసిన తేదీని అక్కడే రాసిపెట్టి, మరుసటిసారి పగులు దాన్ని దాటిందేమో మొదట చూడాలి.