వీడియో ప్లేయర్ మూసేయగానే కంప్యూటర్ బిగుసుకుపోతుంటే: నా అనుభవం

మా ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 10. సినిమా చివరిదాకా బాగానే ఆడేది. ప్లేయర్ మూసిన నిమిషంలోపే మౌస్ బాణం కదిలేది కాదు, మూలన గడియారం 9:42 దగ్గరే నిలిచిపోయేది. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప దారి లేదు. దాచుకున్న ఫొటోలు ఏమవుతాయో అని ఒకటే టెన్షన్.

వైరస్ స్కాన్, ప్లేయర్ తీసేసి మళ్లీ వేయడం, కోడెక్ ప్యాక్ (రకరకాల వీడియో ఫైళ్లు ఆడటానికి వేసే అదనపు సాఫ్ట్‌వేర్), ర్యామ్ పరీక్ష: ఏవీ పనిచేయలేదు.

చివరికి కంప్యూటర్‌లో జరిగే లోపాలను విండోస్ నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూశాను. సరిగ్గా బిగుసుకున్న సమయంలోనే 'డిస్‌ప్లే' పేరుతో 4101 నంబర్ హెచ్చరిక ఉంది. గ్రాఫిక్స్ డ్రైవర్ (తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) స్పందించడం మానేసి, తిరిగి కోలుకుందని దాని అర్థం.

ముందు ప్లేయర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్ (వీడియోను విప్పే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం) ఆపి, సేవ్ చేసి, రీస్టార్ట్ చేశాను. అదే సినిమా మళ్లీ పెట్టి మూశాను. బిగుసుకోలేదు! కాకపోతే ప్రాసెసర్ మీద భారం పెరిగి ఫ్యాన్ గట్టిగా తిరిగింది. అందుకని కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి ముందే దించుకున్నాను. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పాతదాన్ని తీసేశాను. అక్కడ డ్రైవర్ ఫైళ్లు కూడా తొలగించమనే గడిలో టిక్ పెట్టడం మరవొద్దు. రీస్టార్ట్ చేసి కొత్తది వేశాక, హార్డ్‌వేర్ డీకోడింగ్ మళ్లీ ఆన్ చేశాను. మూడు వారాలైంది, ఒక్కసారి కూడా ఆగలేదు.

అందరికీ ఇదే కారణమని చెప్పలేను. మీ లాగ్‌లో 4101 బదులు 'డిస్క్' పేరుతో 7 నంబర్ కనిపిస్తే హార్డ్ డిస్క్ పాడవుతుండొచ్చు, ముందు బ్యాకప్ తీసుకోండి.