ఫెడరల్ కోర్టు నుంచి ఉత్తరం వచ్చినా, ఫోన్ వచ్చినా: అమెరికాలోని తెలుగు ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

పోస్టు డబ్బాలో యునైటెడ్ స్టేట్స్ డిస్ట్రిక్ట్ కోర్టు అని అచ్చేసిన కవరు కనిపించగానే చాలామందికి గుండె దడ మొదలవుతుంది. మామూలు ఇళ్లకు వచ్చే ఆ కవరులో సాధారణంగా ఉండేది జ్యూరీ కాగితమే, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు సిటిజన్ల బృందానికి సంబంధించిన ఫారం. దేశం మొత్తం మీద ఈ ఫెడరల్ ట్రయల్ కోర్టుల జిల్లాలు 94. ఓటర్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో పేర్లు తీస్తారు. కొన్ని జిల్లాల్లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితాను కూడా కలుపుతారు. అందుకే ఇంకా సిటిజన్లు కాని మనవాళ్లకూ ఈ ఉత్తరాలు వస్తుంటాయి.

ముందు అది మీ జిల్లా కోర్టేనా చూసుకోండి. డాలస్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇక్కడే తికమక. ఇర్వింగ్ డాలస్ కౌంటీలోది కాబట్టి నార్తర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్ కిందకు వస్తుంది. ఫ్రిస్కో, ప్లేనో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు ఈస్టర్న్ డిస్ట్రిక్ట్ కిందకు వెళ్తాయి. న్యూజెర్సీలో అయితే రాష్ట్రమంతా ఒకటే జిల్లా. న్యూవార్క్, ట్రెంటన్, క్యామ్‌డెన్ మూడు చోట్లా కోర్టు భవనాలున్నాయి. అనుమానం వస్తే కాగితం మీది నంబరు పక్కన పెట్టి, కోర్టు సొంత వెబ్‌సైట్ తెరిచి (అడ్రసు చివర యూఎస్‌కోర్ట్స్ డాట్ గవ్ అని ఉంటుంది) అందులోని క్లర్క్ ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది గ్రీన్ కార్డు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు. మీరు అమెరికా సిటిజనా అన్న ప్రశ్న ఆ ఫారంలో తప్పకుండా ఉంటుంది. రాత్రి వంటయ్యాక హడావిడిగా, పిల్లల స్కూలు ఫారాలతో కలిపి గబగబా టిక్కులు పెట్టేయకండి. సిటిజన్ కాకుండానే సిటిజన్‌నని చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద తప్పు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను సైతం దేశం నుంచి పంపించేయడానికి అదొక కారణం కాగలదు, మినహాయింపులు చాలా తక్కువ. కాదు అని నిజం రాసి పంపితే జ్యూరీ నుంచి మీ పేరు తీసేస్తారు, అంతటితో అయిపోతుంది. పంపిన కాగితం కాపీ దాచుకోండి. ఇదివరకే పొరపాటున అవునని పెట్టి ఉంటే, సిటిజన్‌షిప్‌కు అప్లై చేసేముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి. లైసెన్సు తీసుకునేటప్పుడు తెలియకుండా ఓటరుగా నమోదైపోయిన వాళ్లకూ ఇదే మాట.

మనకు కాదులే అని చెత్తబుట్టలో పడేయడం మాత్రం వద్దు. ప్రశ్నల ఫారానికి చట్టం ఇచ్చిన గడువు పది రోజులే. ఇండియా ప్రయాణం ఉన్నా, ఆపరేషన్ ఉన్నా ఆ సంగతి ముందుగానే రాసి వాయిదా అడగండి. టికెట్ కాపీ జతచేస్తే మంచిది. డెబ్బై దాటినవాళ్లు అడిగితే చాలా జిల్లాలు మినహాయింపు ఇస్తాయి. ఇంగ్లిష్ రాని అమ్మకో, మామయ్యగారికో సిటిజన్‌షిప్ వచ్చి, వాళ్ల పేరున ఫారం వస్తే, వాళ్ల తరఫున మీరు నింపొచ్చు. మీరు నింపినట్టూ, ఎందుకు నింపాల్సి వచ్చిందో కూడా అందులోనే రాయాలి. ఇంగ్లిష్ చదవడం, రాయడం, మాట్లాడటం రానివాళ్లను ఫెడరల్ జ్యూరీలో కూర్చోబెట్టరు. ఉద్యోగం గురించి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: ఫెడరల్ జ్యూరీకి వెళ్లినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం చట్టవిరుద్ధం. ఆ రోజుల జీతం ఇవ్వాలని మాత్రం ప్రైవేటు కంపెనీలకు ఫెడరల్ చట్టం చెప్పదు. కోర్టు ఇచ్చేది రోజుకు 50 డాలర్లు.

ఇక దొంగ ఫోన్ల సంగతి. ఫోన్ చేసినవాడు మార్షల్స్ (ఫెడరల్ కోర్టుల పోలీసులు) ఆఫీసు నుంచి అంటాడు. బ్యాడ్జి నంబరు చెబుతాడు, కేసు నంబరు చెబుతాడు, మీ జిల్లాలో నిజంగానే ఉన్న జడ్జి పేరు చెబుతాడు. ఫోన్ తెర మీద కోర్టు నంబరే కనిపిస్తుంది. "మీరు జ్యూరీకి రాలేదు, వారంటు రెడీగా ఉంది, ఇప్పుడే కడితే ఆపుతాను, లైన్ కట్ చేయొద్దు" అంటాడు. ఆ తర్వాత గిఫ్ట్ కార్డులు కొనమంటాడు, జెల్ (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే యాప్)లో పంపమంటాడు, లేదంటే బిట్‌కాయిన్ మిషన్ దగ్గరికి నడిపిస్తాడు. ఒంటరిగా ఉంచడం, ఎవరినీ అడగనివ్వకపోవడం, ఇవే వాడి పెట్టుబడి. వీసా ఏమవుతుందో అన్న భయంతో బతికే ఇంట్లో అది ఇంకా తేలిగ్గా పనిచేస్తుంది. నాకు కోపం వచ్చేది కూడా అక్కడే.

గుర్తుంచుకోవాల్సింది ఇదీ: ఫెడరల్ కోర్టులు జ్యూరీ విషయం మొదట పోస్టులోనే పంపుతాయి. ఫోన్లో డబ్బు అడగవు, సోషల్ సెక్యూరిటీ నంబరు అడగవు. జ్యూరీకి వెళ్లనివాళ్లకు శిక్ష ఉన్నమాట నిజమే. వెయ్యి డాలర్ల వరకు జరిమానా, మూడు రోజుల వరకు జైలు, సమాజ సేవ, వీటిలో ఏదైనా పడొచ్చు. కానీ ముందు మిమ్మల్ని కోర్టుకు పిలిచి, ఎందుకు రాలేదో అడుగుతారు. తేల్చేది జడ్జి. ఫోన్ పెట్టేసి క్లర్క్ ఆఫీసుకు మీరే చేయండి. డబ్బు అప్పటికే పంపేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోవద్దు: వెంటనే బ్యాంకుకు, గిఫ్ట్ కార్డు కంపెనీకి చెప్పండి, రసీదులు పారేయకండి, ఎఫ్‌టీసీకి (మోసాల ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ ట్రేడ్ కమిషన్) ఫిర్యాదు పెట్టండి. పిల్లలను చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ సంగతి ఈ రోజే తెలుగులో వివరంగా చెప్పండి. పగలు ఇంట్లో ఫోన్ ఎత్తేది వాళ్లే.

జ్యూరీకి ఎంపికైతే కేసు గురించి గూగుల్ చేయకూడదు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోనూ రాయకూడదు. ఫోన్లు లోపలికి రానిస్తారా లేదా అన్నది జిల్లాను బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. తాళాలగుత్తికి చిన్న కత్తి ఉంటే ఇంట్లోనే పెట్టేయండి. మంచు పడే నెలల్లో బయల్దేరేముందు కోర్టు తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఇదే కోర్టుకు సంతోషంగా వెళ్లే సందర్భం ఓత్ సెర్మనీ, అంటే సిటిజన్‌గా ప్రమాణం చేసే కార్యక్రమం. కోర్టులు చేసేవీ ఉన్నాయి, యూఎస్‌సీఐఎస్ (సిటిజన్‌షిప్, ఇమ్మిగ్రేషన్ శాఖ) ఆఫీసులు చేసేవీ ఉన్నాయి. జూలై 4 ముందు, సెప్టెంబర్ 17 సిటిజన్‌షిప్ డే చుట్టూ ఇవి పెద్ద ఎత్తున జరుగుతాయి. సిటిజన్‌షిప్‌తో పాటే పేరు మార్చుకోవాలనుకునేవాళ్లకు కోర్టు సెర్మనీయే కావాలి, ఆ అధికారం జడ్జిదే. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, గ్రీన్ కార్డులో ఇంకోలా పడి ఉంటాయి కాబట్టి ఈ అవకాశం వదులుకోకండి. ఓత్‌కు రమ్మని పంపే ఎన్-445 నోటీసు వెనక ఉన్న ప్రశ్నలకు ఆ రోజు ఉదయమే జవాబులు రాయాలి: ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటారా, ట్రాఫిక్ టికెట్ పడిందా లాంటివి. స్పీడింగ్ టికెట్ అయినా దాచొద్దు. గ్రీన్ కార్డు మర్చిపోకండి, తిరిగి ఇచ్చేయాలి. సర్టిఫికెట్ చేతికి రాగానే హాల్లోంచి కదలకముందే పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అక్కడే చెప్పండి, తర్వాతైతే సర్టిఫికెట్ మార్పించుకునే ఫారం ఎన్-565 పెట్టి నెలల తరబడి ఎదురుచూడాలి.

ఆ సాయంత్రం నుంచి మీ దగ్గర గ్రీన్ కార్డు ఉండదు, అమెరికా పాస్‌పోర్టు ఇంకా వచ్చి ఉండదు, ఇండియా పాస్‌పోర్టు వాడటం ఇక చట్టరీత్యా కుదరదు. కాబట్టి ఓత్ తేదీ దగ్గర్లో చెల్లెలి పెళ్లికో, సంక్రాంతికో టికెట్లు కొని ఉంటే, వాటి తేదీ మార్చుకోండి, లేదా ఓత్ వాయిదా అడగండి. అమెరికా పాస్‌పోర్టు, ఆ తర్వాత ఇండియా పాస్‌పోర్టు సరెండర్, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) లేదా వీసా, ఈ వరుసలో ఒకదాని తర్వాత ఒకటి చేతికి వచ్చాకే కొత్త టికెట్ కొనండి.