కారు సబ్‌వూఫర్ బాక్స్: బేస్ సరిగా రాకపోతే ఎక్కడ వెతకాలి

సబ్‌వూఫర్ వేయించాక బేస్ నచ్చకపోతే చాలామంది ముందు స్పీకర్ మారుస్తారు, తర్వాత ఆంప్ (యాంప్లిఫైయర్) మారుస్తారు. బాక్స్ జోలికి మాత్రం పోరు. తీరా చూస్తే తప్పు ఎక్కువగా ఆ బాక్స్‌లోనో, దానికి వచ్చే వైర్లలోనో ఉంటుంది. కోన్ (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ ఊగే గిన్నెలాంటి భాగం) ముందువైపు పుట్టే శబ్దం, వెనకవైపు పుట్టే శబ్దం ఒకదానికొకటి వ్యతిరేకం. రెండూ కలిస్తే బేస్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. వాటిని విడదీయడం, కోన్ ఇష్టమొచ్చినట్టు ఊగకుండా లోపలి గాలితో పట్టి ఉంచడం బాక్స్ పని. ఆ పని సరిగా జరగనప్పుడు ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా లాభం లేదు. అందుకే ముందు పైసా ఖర్చు లేని పరీక్షలు చేయండి, రంపం సంగతి తర్వాత.

సబ్ ఆడుతోంది గానీ బేస్ లేదు

చెయ్యి పెడితే కోన్ ఊపు తెలుస్తుంది, సీట్లో కూర్చుంటే ఏమీ ఉండదు. ఒకే బాక్స్‌లో రెండు సబ్‌లు ఉంటే ముందు అనుమానించాల్సింది ప్లస్, మైనస్ తారుమారు కావడాన్నే. ఒకటి బయటికి తోస్తుంటే రెండోది లోపలికి లాగుతుంది. డబుల్ వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిపే తీగచుట్టలు రెండు) ఉన్న ఒకే సబ్ అయితే లక్షణం కొంచెం వేరు. ఒక కాయిల్ తిరగేసి కలిపితే కోన్ కదలడమే మానేస్తుంది, కాయిల్ మాత్రం వేడెక్కుతూ ఉంటుంది. దీన్ని అలాగే వాడితే కాలిపోతుంది.

పరీక్షకు మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ చాలు. ఆంప్ నుంచి వైర్లు ఊడదీసి, సెల్‌ను ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కు ప్లస్ తగిలినప్పుడు కోన్ బయటికి రావాలి. ప్రతి కాయిల్‌కూ విడిగా చూడండి. మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. రెండు 4 ఓమ్ కాయిల్స్ ప్యారలల్‌లో ఉంటే 2 కంటే కాస్త తక్కువ, సిరీస్‌లో ఉంటే 8 కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. మూడున్నర దగ్గర ఆగిందంటే ఒక కాయిల్‌కు కనెక్షనే లేదు.

వైరింగ్ అంతా సరిగానే ఉన్నా సబ్ కదలిక డోర్ స్పీకర్లతో పొసగకపోవచ్చు. ఆ కదలికను తిరగేసే ఫేజ్ స్విచ్ ఆంప్‌లో 0, 180 అని ఉంటుంది. డ్రైవర్ సీట్లో మీరు కూర్చుని, ఇంకొకరిచేత స్విచ్ మార్పించండి. ఏ వైపు బేస్ నిండుగా ఉంటే ఆ వైపే ఉంచండి. లో పాస్ ఫిల్టర్ (సబ్‌కు కింది శబ్దాలనే పంపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి.

బయట అద్దాలు అదురుతున్నాయి, లోపల మాత్రం సన్నగా ఉంది

ఇది డిజైర్, వెర్నా లాంటి సెడాన్ల సమస్య. వెనక సీటు, దాని వెనక ఉండే రేకు కలిసి డిక్కీని క్యాబిన్ నుంచి వేరుచేస్తాయి. బాక్స్‌ను సీటుకు ఆనించి, కోన్ సీటువైపు తిప్పితే అది కుషన్‌లోకి పాడినట్టే. బాక్స్‌ను వెనక్కి జరిపి, కోన్ డిక్కీ తలుపువైపు ఉండేలా తిప్పి వినండి. చాలా సెడాన్లలో ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలిసిపోతుంది. సీటు మధ్యలో ఆర్మ్‌రెస్ట్ వెనక సందు ఉంటే అది తెరిచి కూడా చూడండి. ఐ20, స్విఫ్ట్ లాంటి హ్యాచ్‌బ్యాక్‌లకు ఈ బాధ లేదు. పైగా చిన్న క్యాబిన్ తనంతట తానే లోతైన బేస్‌ను పెంచుతుంది. అందుకే వాటిలో చిన్న సీల్డ్ (అన్నివైపులా మూసిన) బాక్స్ కూడా బాగా పలుకుతుంది.

ఏ పాట పెట్టినా ఒకటే ధుం ధుం

డప్పు కొట్టినా, బేస్ గిటార్ వాయించినా, కిక్ డ్రమ్ అయినా అన్నీ ఒకే శ్రుతిలో వినిపిస్తుంటే బాక్స్ కొలత తప్పింది. రెడీమేడ్ బాక్స్‌లలో, ముఖ్యంగా బేస్ ట్యూబుల్లో ఇది ఎక్కువ. షాపులో రెండు నిమిషాలు వింటే గట్టిగా వినబడాలని వాటి పోర్టును (గాలి ఆడే పైపును) కాస్త ఎత్తు ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేస్తారు, అంటే ఆ స్వరమే ఎక్కువగా పలికేలా కొలత పెడతారు. రెండు నిమిషాలు బాగానే ఉంటుంది, విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా వింటే తలనొప్పి.

సీల్డ్ బాక్స్ సంగతి లెక్కతో తేలిపోతుంది. స్పీకర్‌తో వచ్చే కాగితంలో క్యూటీఎస్ (Qts), వీఏఎస్ (Vas) అని రెండు అంకెలు ఉంటాయి. వీఏఎస్‌ను బాక్స్ లీటర్లతో భాగించి, దానికి 1 కలిపి, వర్గమూలం తీసి, క్యూటీఎస్‌తో గుణించండి. జవాబు 0.7 దగ్గర వస్తే బేస్ సమంగా ఉంటుంది. ఉదాహరణకు క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 60 లీటర్లు ఉన్న స్పీకర్‌ను 60 లీటర్ల బాక్స్‌లో పెడితే 0.7 వస్తుంది. అదే స్పీకర్‌ను 20 లీటర్ల బాక్స్‌లో ఇరికిస్తే 1.0 అవుతుంది. మీరు వింటున్న ధుం ధుం అదే.

లీటర్లు కొలిచేటప్పుడు జరిగే పొరపాటు మరొకటుంది. కార్పెంటర్‌కు బయటి కొలతలు చెప్తాం, లెక్క కూడా బయటిదే వేసుకుంటాం. 46, 36, 33 సెంటీమీటర్ల బాక్స్ బయటి లెక్కలో 54.6 లీటర్లు. 18 మిల్లీమీటర్ల బోర్డు మందం ప్రతి కొలతలోంచి రెండుసార్లు తీసేస్తే లోపల 42.4, 32.4, 29.4 మిగులుతాయి. అంటే 40.4 లీటర్లే. పద్నాలుగు లీటర్లు చెక్కకే పోయింది. స్పీకర్ మాగ్నెట్, లోపలి అడ్డకర్రలు, పోర్టు పైపు ఆక్రమించేది ఇంకా తీసేయాలి. సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే నేరుగా లీటర్లు వస్తాయి. అంగుళాల్లో అయితే 1728తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి, ఒక్కో ఘనపుటడుగు 28.3 లీటర్లు.

సీల్డ్ బాక్స్ కొంచెమే చిన్నదైతే కొత్తది చేయించక్కర్లేదు. దిండ్లలో నింపే పాలిస్టర్ ఫైబర్‌ను విడదీసి వదులుగా నింపండి. బాక్స్ కాస్త పెద్దదైనట్టు స్పీకర్ ప్రవర్తిస్తుంది. దూది మాత్రం వద్దు, చెమ్మ పీల్చి ముద్దవుతుంది. పోర్టెడ్ (పోర్టు ఉన్న) బాక్స్‌లో ఇలా నింపకూడదు. గోడలకు పలచగా అంటించవచ్చు, పోర్టు నోటి దగ్గర ఏదీ ఉండకూడదు.

బుస్సుమని గాలి చప్పుడు

రెండు చోట్ల నుంచి రావచ్చు, ముందు ఎక్కడిదో తేల్చుకోవాలి. సీల్డ్ బాక్స్‌లో అయితే అది లీకే. బాక్స్‌ను కారులోంచి దించి, 30 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను మోస్తరు సౌండ్‌లో పెట్టండి. వెలిగించిన అగరబత్తిని మూలల వెంబడి, స్పీకర్ అంచు చుట్టూ, వైర్ల టెర్మినల్ కప్పు దగ్గర మెల్లగా తిప్పండి. పొగ నిటారుగా లేస్తున్నంతసేపూ అక్కడ భయం లేదు. ఒక చోట పొగ వణికి, పక్కకు తుళ్లి, మళ్లీ లోపలికి లాగినట్టయితే సందు అక్కడే ఉంది. పైన అంటించిన కార్పెట్ సందును కంటికి కనబడనివ్వదు గానీ గాలిని ఆపలేదు. రెక్సిన్ వేసిన బాక్స్‌లో మాత్రం లీకు ఒకచోట ఉంటే పొగ ఇంకోచోట కదలొచ్చు. రెక్సిన్ కింద గాలి దారి వెతుక్కుంటూ పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా లీకయ్యేది టెర్మినల్ కప్పు దగ్గరే, దాని తర్వాత స్పీకర్ అంచు. కప్పు విప్పి ఫోమ్ గ్యాస్కెట్ టేప్ వేసి బిగించండి. మూలలకు స్పీకర్ తీసి లోపలి నుంచి జిగురు గానీ సిలికాన్ గానీ పట్టించండి. ఘాటైన పులుపు వాసన వచ్చే రకం సిలికాన్ అయితే ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, వాసన పోయాకే స్పీకర్ బిగించాలి.

పోర్టెడ్ బాక్స్‌లో బుస్ పోర్టు నోటినుంచే వస్తుంటే అది సన్నగా ఉందని అర్థం. ఇక్కడ అందరికీ తట్టే ఉపాయం సన్న పైపు తీసి లావు పైపు పెట్టడం. పైపు మార్చి పొడవు అలాగే ఉంచితే ట్యూనింగ్ పాడవుతుంది. 40 లీటర్ల బాక్స్‌ను 35 హెర్ట్జ్‌కు ట్యూన్ చేయాలంటే, లోపలి వ్యాసం 7.6 సెంటీమీటర్ల పైపు సుమారు 22 సెంటీమీటర్లు ఉండాలి. 10 సెంటీమీటర్ల పైపు అయితే సుమారు 41 సెంటీమీటర్లు కావాలి. 10 సెంటీమీటర్ల పైపును 22 దగ్గరే కోస్తే ట్యూనింగ్ 45 హెర్ట్జ్‌కు ఎగబాకుతుంది. బుస్ పోయి ధుం ధుం వస్తుందన్నమాట. 41 సెంటీమీటర్ల పైపు చిన్న బాక్స్‌లో నిటారుగా పట్టదు, ఎల్బో వేసి వంచాల్సిందే. లోపలి చివరకూ ఎదుటి గోడకూ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ వదలాలి. ఆ పైపు మూడు నాలుగు లీటర్లు తినేస్తుంది, అదీ లెక్కలో వేసుకోవాలి. మామూలు పీవీసీ పైపు సరిపోతుంది. రెండు చివర్లా అంచులు గుండ్రంగా విచ్చుకునేలా ఉంటే చప్పుడు ఇంకా తగ్గుతుంది.

సౌండ్ పెంచగానే టక్ టక్

వెంటనే తగ్గించండి. కాయిల్ వెనక ప్లేటుకు కొట్టుకుంటోంది. పోర్టెడ్ బాక్స్‌లో ట్యూనింగ్ కంటే కింది ఫ్రీక్వెన్సీలు వచ్చినప్పుడు లోపలి గాలి కోన్‌ను పట్టి ఉంచలేదు. ఆంప్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉంటే ట్యూనింగ్‌కు కాస్త కింద, అంటే 35 హెర్ట్జ్ బాక్స్‌కు 28-30 దగ్గర పెట్టండి. బేస్ బూస్ట్ పూర్తిగా సున్నా చేయండి. సీల్డ్ బాక్స్‌లో ఇదే చప్పుడు వస్తే పెద్ద లీకన్నా ఉండాలి, గెయిన్ అన్నా మరీ ఎక్కువై ఉండాలి. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే మీట. స్టీరియోను మూడొంతుల సౌండ్‌లో పెట్టి, శబ్దం చీలడం మొదలయ్యేదాకా గెయిన్ తిప్పి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి తేవాలి.

గలగల, గరగర

బాక్స్‌ను తిట్టేముందు డిక్కీ తలుపు మీద చెయ్యి అదిమి వినండి. ఆగిపోతే అది నంబర్ ప్లేటో, తలుపు లోపలి ప్లాస్టిక్కో. పార్సెల్ ట్రే, జాకీ, స్పానర్లు కూడా ఇలాగే మోగుతాయి. హై సెక్యూరిటీ నంబర్ ప్లేటును విప్పకూడదు కాబట్టి, అంచుల వెంబడి దాని వెనక్కి సన్నటి ఫోమ్ తోయడమే మార్గం. ప్లాస్టిక్ తగిలే చోట ఫెల్ట్ టేప్, రేకు అదిరే చోట బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ వేయాలి. గరగర బాక్స్‌లోంచే వస్తుంటే లోపల వదులుగా వేలాడుతూ కోన్‌కు తగిలే వైరును చూడండి. పెద్ద పలకలు చేతికి అదురుతున్నట్టు తెలిస్తే ఎదురెదురు గోడల మధ్య అడ్డకర్ర వేయించండి.

వానాకాలం తర్వాత బాక్స్ ఉబ్బింది

ఎమ్‌డీఎఫ్‌కు (చెక్క పీచు అదిమి చేసిన బోర్డుకు) నీళ్లు పడవు. వాటర్ సర్వీసింగ్‌లో డిక్కీ తడిసినా, తలుపు రబ్బరు పాతబడి నీళ్లు కారినా ముందు కింది అంచు పొంగుతుంది, ఆ తర్వాత అక్కడ స్క్రూలు పట్టు వదిలేస్తాయి. పొంగింది మళ్లీ అణగదు, ఆ పలక మార్చడమే. కొత్తది చేయించేటప్పుడు కార్పెట్ అంటించకముందే కోసిన అంచులకు రెండు కోట్లు ప్రైమరో వార్నిషో కొట్టించండి. కింద రబ్బరు బుష్‌లు వేసి నేలకు తగలకుండా లేపండి. డబ్బు పెట్టగలిగితే ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ తీసుకోండి, అది తేమను బాగా తట్టుకుంటుంది. స్పీకర్‌కు మామూలు స్క్రూల బదులు టీ-నట్ (చెక్కలోకి దిగే లోహపు నట్) వేసి బోల్టులు బిగిస్తే ఎన్నిసార్లు విప్పినా రంధ్రం లూజు కాదు.

ఆంప్ మధ్యలో ఆగిపోతోంది

మే నెల ఎండలో మూసిన డిక్కీ ఎలా ఉంటుందో తెలిసిందే. ఆంప్‌ను కార్పెట్ కింద దాచినా, బాక్స్ వెనక ఇరికించినా వేడికి ఆగిపోతుంది, చుట్టూ గాలి ఆడాలి. బాక్స్‌కే బిగించడం కూడా మంచిది కాదు, అదురుకు లోపలి జాయింట్లు వదులవుతాయి. వేడి లేకపోయినా ఆగుతుంటే ఓమ్స్ చూడండి. ఆంప్ 4 ఓమ్‌ల వరకే తట్టుకుంటుంటే సబ్‌ను 2 ఓమ్‌లకు కలిపి ఉండొచ్చు. బీట్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే గ్రౌండ్ వైరు బిగించిన చోట పెయింట్ గీకారా లేదా చూడండి. పవర్ వైరు సన్నగా ఉన్నా ఇదే గతి. ఇక బ్యాటరీ నుంచి వైరు బయలుదేరిన అడుగున్నరలోపు ఫ్యూజ్ లేకపోతే పాట సంగతి పక్కనపెట్టి ముందు అది వేయించండి. వైరు ఎక్కడైనా ఒరుసుకుంటే కారు అంటుకుంటుంది.

కొనేముందు

స్టిక్కర్ మీద 1200 వాట్స్ అని ఉంటుంది. ఆంప్ మీదున్న ఫ్యూజ్ చూడండి. అది 30 ఆంపియర్లదైతే ఆ ఆంప్ కారు నుంచి లాగగలిగేదే సుమారు 400 వాట్లు, బయటికి వచ్చేది అంతకంటే తక్కువ. అడగాల్సింది ఆర్ఎంఎస్ అంకె, అంటే నిలకడగా ఇవ్వగలిగే వాట్లు. బాక్స్ అమ్మేవాళ్లను లోపలి లీటర్లు, ట్యూనింగ్ ఎంత అని అడగండి. జవాబు రాకపోతే కోఠి గుజరాతీ గల్లీలో అయినా, బెజవాడ ఆటోనగర్‌లో అయినా ఆ బాక్స్ వద్దు. మీ స్పీకర్ కాగితం తీసుకెళ్లి ఆ లెక్కకు బాక్స్ చేయించుకోవడమే మేలు. అదే కాగితంలో ఉండే ఎఫ్ఎస్‌ను (Fs) క్యూఈఎస్‌తో (Qes) భాగిస్తే 50 లోపు వచ్చే స్పీకర్‌కు సీల్డ్, 100 దాటితే పోర్టెడ్ నప్పుతుంది. మధ్యలో వస్తే ఏదైనా ఫరవాలేదు. నన్నడిగితే చిన్న కారుకు సీల్డే.

డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటే 12 అంగుళాల మోజు వదులుకుని, సీటు కింద పట్టే 8 అంగుళాల యాక్టివ్ (ఆంప్ లోపలే ఉన్న) సబ్ చూసుకోండి. అద్దాలు అదరవు గానీ పాటకు కావాల్సిన బేస్ వస్తుంది.

తీసుకున్న బాక్స్‌ను వట్టినే డిక్కీలో పెట్టి వదలొద్దు. స్పీకర్‌తో కలిపితే ఇరవై కిలోల దాకా తూగేది సడన్ బ్రేక్ కొడితే వెనక సీటు మీదికి వస్తుంది. డిక్కీలో కంపెనీ ఇచ్చిన కొక్కేలుంటే వాటికి బెల్టుతో కట్టేయండి. నేలకు బోల్టు వేయాలనుకుంటే డ్రిల్ పెట్టేముందు కారు కింద చూడాల్సిందే. ఇంధనం ట్యాంకు, బ్రేక్ పైపులు, సీఎన్‌జీ కార్లలో గ్యాస్ పైపు అక్కడే ఉండొచ్చు.