కిస్తీ తీరేదాకా నంబరు మార్చొద్దు: దసరా ఫోన్లకి ముందు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం కాశీనగర్ వైపు నుంచి ఒక పెద్దాయన ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా జిరాక్సు కొట్టుకి వచ్చారు. చేతిలో ఇంగ్లీషు నోటీసు. జేబులో పెట్టుకుని తిరిగి తిరిగి మడతల దగ్గర చిరిగిపోయింది. "బాబూ, ఇదేటో చదివి పెట్టు. ట్రాక్టరు లోను ఇవ్వలేమన్నారు బ్యాంకులో" అన్నారు.

చదివాను. రెండేళ్ల కిందట దసరాకి వాళ్లబ్బాయి ఈయన పేరు మీద 15,000 రూపాయల ఫోన్ కిస్తీల్లో తీసుకున్నాడు. నెలకి 1,500, పది నెలలు. ఏడు కిస్తీలు సరిగ్గానే కట్టాడు. తర్వాత సెంట్రింగు పనికి హైదరాబాదు వెళ్లి, అక్కడ కొత్త సిమ్ తీసుకుని పాతది తీసి పారేశాడు. కిస్తీ మెసేజీలన్నీ ఆ పాత నంబరుకే వచ్చేవి. కొట్లోంచే అబ్బాయికి ఫోన్ చేశాం. "మెసేజీలు రావడం మానేశాయి కదా, అయిపోయాయనుకున్నాను" అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు నాకు అనిపించలేదు.

మిగిలింది మూడు కిస్తీలు, 4,500. తండ్రి ఖాతాలో డబ్బు లేక మూడుసార్లు బౌన్సయింది. బౌన్సయినప్పుడల్లా ఫైనాన్సు వాళ్లు 500, బ్యాంకు వాళ్లు 295 వేశారు. మొత్తం 6,885. ఆలస్యానికి వేసిన రుసుములు ఇంకా వేరే. అంతకన్నా పెద్ద దెబ్బ, ఎవరు అప్పు ఎలా కట్టారో లెక్క రాసే సిబిల్‌లో ఆయన ఎగవేతదారుగా పడటం. జీవితంలో ఎవరికీ పైసా బాకీ పెట్టని మనిషి.

ఈ కొట్లో ఇలాంటివి పదికి పైగా చూశాను. అన్నిట్లోనూ తప్పు ఒక్కటే. అప్పు తీరకముందే నంబరు మార్చేయడం.

సిమ్ వేరు, అప్పు వేరు

సిమ్ ఇచ్చేది టెలికం కంపెనీ, ఫోన్‌కి డబ్బు పెట్టేది ఫైనాన్సు కంపెనీ. ఒకరి దగ్గర లెక్క ముగిసినంత మాత్రాన రెండోవారి దగ్గర ముగిసినట్టు కాదు. ఈ గందరగోళం ఊరికే రాలేదు. 2003లో రిలయన్స్ 501 రూపాయలకి చేతిలో పెట్టిన ఫోన్ ఆ నెట్‌వర్క్‌లో తప్ప పనిచేసేది కాదు. 2021 దీపావళికి వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌కి నెలసరి కిస్తీలోనే డేటా ప్లాన్ కూడా కలిపి ఇచ్చారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పే రెండేళ్ల కాంట్రాక్టూ అలాంటిదే, ఫోన్ ధర కనెక్షన్‌లోనే కలిసి ఉండేది. అక్కడ కూడా 2013లో టీ-మొబైల్, 2016 జనవరిలో ఏటీ అండ్ టీ అనే టెలికం కంపెనీలు ఆ పద్ధతి మానేసి ఫోన్ కిస్తీని విడదీశాయి. మన దగ్గర కొట్లో తీసుకునే కిస్తీ ఫోన్‌కి సిమ్‌తో ఏ సంబంధమూ ఉండదు. సిమ్ విరిచి పారేసినా అప్పు అలాగే ఉంటుంది.

మన సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కుంది. ఇంటింటా రెండు సిమ్‌లు, ఒకటి ఆంధ్రాది, ఒకటి ఒడిశాది. ఫోన్ పాతపట్నంలో కొంటారు, అక్కడ ఆంధ్రా నంబరు ఇస్తారు. ఆర్నెల్లకి దానికి రీఛార్జి దండగనిపించి వదిలేస్తారు. లోను ఉన్నది ఆ నంబరు మీదే. ఆగిపోయిన నంబరుని 90 రోజులు దాటాక కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు, మీ నోటీసులు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తాయి.

నెట్‌వర్క్ మారాలనుకుంటే

కంపెనీ నచ్చకపోతే నంబరు పారేయక్కర్లేదు, పోర్టు పెట్టుకోండి. నంబరు అదే ఉంటుంది కాబట్టి కిస్తీ మెసేజీలూ మీకే వస్తాయి. ఇంగ్లీషులో PORT అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి పంపితే ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది. మన దగ్గర అది నాలుగు రోజులే పనిచేస్తుంది. ఒడిశా లోపలే మారితే మూడు పనిదినాలు, ఆంధ్రా నంబరుని ఒడిశాకి తెచ్చుకుంటే ఐదు. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. 2024 జులై నుంచి ఇంకో నిబంధన వచ్చింది: సిమ్ పోయి కొత్తది తీసుకుంటే ఏడు రోజులదాకా కోడ్ రాదు.

పోస్ట్‌పెయిడ్ వాళ్లు గడువు దాటిన బిల్లు కట్టకపోతే కోడ్ ఇవ్వరు. మారాక వచ్చే ఆఖరి బిల్లు సంగతి చాలామంది మరిచిపోతారు. అది ఎగ్గొడితే పాత కంపెనీ అడిగిందని కొత్త కంపెనీ మీ లైను కట్ చేస్తుంది. కట్టండి, రసీదు దాచండి.

ఇక వరసగా చెప్తున్నాను, ఫోన్ కొనబోయేవాళ్లు రాసుకోండి.

– లోను కాగితంలో ఏ నంబరు రాశారో అక్కడే చూడండి. రీఛార్జి ఆపని నంబరే ఇవ్వండి.

– కొట్లో కుర్రాడి నంబరు రాయనివ్వకండి. "తర్వాత మార్చుకోవచ్చు" అంటాడు. ఒప్పుకోకండి.

– వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఎంతవుతుందో చూపించే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబరు నుంచి తప్పనిసరి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఒడియా రాకపోతే తెలుగులో కావాలనండి. సిగ్గుపడకండి.

– నో కాస్ట్, అంటే వడ్డీ లేని కిస్తీ అన్నప్పుడు రొక్కానికైతే ఎంతకిస్తారో అడగండి. తేడాయే వడ్డీ.

– కిస్తీ తేదీకి రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బుండాలి.

– కిస్తీ కోసే ఖాతా మూసేయకండి. ఆటోపే ఆపేయకండి. అది అప్పు ఆపడం కాదు, బౌన్సు తెచ్చుకోవడం.

– బావమరిదికైనా సరే, మీ ఆధార్ మీద ఫోన్ తీసివ్వకండి. కట్టకపోతే పేరు పోయేది మీదే.

– కిస్తీ ఉండగా ఫోన్ అమ్మకండి. కిస్తీ ఆగితే ఫోన్‌ని పనిచేయనివ్వని లాక్ యాప్ ఉంటే కొన్నవాడు మీ గుమ్మం ముందు కూర్చుంటాడు.

– ఫోన్ పోయినా, పగిలినా కిస్తీ కట్టాల్సిందే. పోతే ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో బ్లాక్ చేయించండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా అందులోనే చూడండి.

– నంబరు మార్చొద్దు. పనికి సూరత్ వెళ్లినా, చెన్నై వెళ్లినా పాత సిమ్ రెండో స్లాటులో ఉండాలి. కనీస రీఛార్జి చేయించండి. దానికయ్యే ఖర్చు ఒక్క బౌన్సుకన్నా తక్కువే.

– నంబరు ఇప్పటికే పోయిందా? ఈరోజే ఫైనాన్సు ఆఫీసుకి వెళ్లండి. కొత్త నంబరు రాయించండి. బ్యాంకులో కూడా రాయించండి. రాతపూర్వకంగా, తేదీ వేయించుకుని.

– వసూలు వాళ్లు పొద్దున్న ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే కంపెనీకి రాసివ్వండి. అక్కడ పని జరక్కపోతే రిజర్వు బ్యాంకు 14448కి ఫోన్ చేయండి.

– ఆఖరి కిస్తీ కట్టగానే అయిపోలేదు. బాకీ లేదని ఫైనాన్సు కంపెనీ ఇచ్చే కాగితం, ఎన్‌ఓసీ తీసుకోండి. నా దగ్గరికి తెస్తే రెండు కాపీలు తీసిస్తాను, డబ్బులక్కర్లేదు.

– నెలన్నర ఆగి సిబిల్ చూడండి. పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. అప్పు మూసినట్టు పడకపోతే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు మీకు ఫైనాన్సు కంపెనీ గానీ సిబిల్ గానీ ఇవ్వాలి.

– ఎన్‌ఓసీ చేతికొచ్చాక, సిబిల్‌లో మూసినట్టు కనబడ్డాక, అప్పుడు మార్చుకోండి నంబరు. ఒక్కరోజు ముందు కూడా వద్దు.